సినిమా సిద్ధాంతం ఎలా చదవాలి: వాస్తవికత వెనకున్న శిల్పాన్ని పట్టుకోవడం

సినిమా అధ్యయనంలో చేరిన కొత్తలో దాదాపు ప్రతి విద్యార్థీ రాసే వాక్యం ఒకటుంది: ‘ఈ సినిమా ఎంత సహజంగా ఉందంటే, సినిమా చూస్తున్నట్టే అనిపించదు.’ మెచ్చుకోలుగానే రాస్తారు. దిద్దేవారు దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తారు. ఆ ప్రశ్నార్థకమే అసలు కోర్సు. అలా అనిపించడానికి కెమెరా ఎక్కడ పెట్టారు, ఎంతసేపు ఆపారు, ఎక్కడ కత్తిరించారు, ఏ చప్పుడు ఉంచి ఏది తీసేశారు? వీటికి జవాబు చెప్పలేనంతకాలం ‘సహజం’ అనేది పొగడ్తే తప్ప విమర్శ కాదు.

నా పక్షమేమిటో ముందే చెబుతాను. శిల్పాన్ని తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది వాస్తవికత అనుకోవడం పొరపాటు. అదీ ఒక శిల్పమే, దాని పనిముట్లు దానికున్నాయి. మంచి సిద్ధాంతకారులందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనట్టు చూపించేవి పరీక్షల ముందు చేతులు మారే సారాంశాలే. అందుకే కింద చెప్పే వరస ఇలా ఉంటుంది: ముందు చూడటం, తర్వాత చదవడం, ఆఖర్న రాయడం. చాలామంది దీన్ని తిరగేస్తారు. సిద్ధాంతాన్ని నాలుగు ముక్కల్లో బట్టీపట్టి, దానికి సరిపోయే సినిమా కోసం వెతుకుతారు. అలా రాసిన వ్యాసం రెండో పేరాలోనే దొరికిపోతుంది.

50 సెకన్ల సినిమాతో మొదలుపెట్టండి

1895లో లూమియేర్ సోదరులు ఫ్రాన్స్‌లోని లియోన్‌లో తమ ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా కెమెరా పెట్టి, లోపల్నుంచి బయటికొస్తున్న పనివాళ్ళని తీశారు. అదే ఏడాది డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి వేసిన ప్రదర్శనలో ఇదీ ఉంది. మొత్తం సుమారు 50 సెకన్లు. ఒకే షాట్. కెమెరా కదలదు, కట్ లేదు, శబ్దం లేదు, చెప్పుకోదగ్గ కథా లేదు. ‘ఉన్నది ఉన్నట్టు’ అనడానికి ఇంతకన్నా తగిన సినిమా ఉండదనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది.

దీన్ని వరసగా కొన్నిసార్లు చూడండి, ప్రతిసారీ ఒక్క పనే పెట్టుకుని. ఒకసారి ఫ్రేము అంచులే చూడండి: జనం ఎటు నుంచి ఎటు పోతున్నారు, అంచు దాటినవాళ్ళు మళ్ళీ కనిపించారా? మరోసారి ముఖాలు చూడండి. ఎదురుగా ఒక పెట్టె పెట్టుకుని ఎవరైనా నిలబడితే వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణమైనా ఆగి తేరిపార చూడాలి కదా. ఇక్కడ దాదాపు అందరూ అది లేనట్టే నడిచిపోతారు. ఇంకోసారి గేటు మీదే కళ్ళు పెట్టండి: మొదట్లో ఎలా ఉంది, చివర్లో ఎలా ఉంది?

ఇవన్నీ రాసుకున్నాక ఈ సంగతి తెలుసుకోండి. ఈ సినిమా ఒకటి కాదు, మూడున్నాయి. ఒకదానిలో ఒంటి గుర్రపు బండి బయటికొస్తుంది, ఇంకోదానిలో రెండు గుర్రాల బండి, మరోదానిలో బండే లేదు. అంటే పనివాళ్ళు కెమెరా కోసం మళ్ళీ మళ్ళీ ‘పని ముగించుకుని’ బయటికొచ్చారు. రీలు పొడవు సుమారు 17 మీటర్లు. అది అయిపోయేలోగా జనమంతా గేటు దాటాలి. కాబట్టి ఎవరో ఒకరు ‘ఇప్పుడు రండి’ అని ఉంటారు, తొందరగా కదలమనీ అని ఉంటారు. సినిమా పుట్టిన ఏడే వాస్తవానికి రిహార్సల్ మొదలైందన్నమాట.

ఇంకొక్క అడుగు వేయండి. ఫ్యాక్టరీ ఎవరిదో కెమెరా కూడా వాళ్ళదే. ఫ్రేము గేటు దగ్గర మొదలవుతుంది, లోపల జరిగే పని ఒక్క క్షణం కూడా కనిపించదు. యజమాని తన పనివాళ్ళని పని అయిపోయాకే చూపిస్తున్నాడు. ఇది రాజకీయ పఠనమే. కానీ ఇది కెమెరా ఎక్కడ నిలబడిందో గమనించడం వల్ల పుట్టింది, ఎక్కడినుంచో తెచ్చి అతికించింది కాదు. రాబోయే మూడేళ్ళలో మీరు చేయాల్సింది ఇలాంటి పనే, సామగ్రి పెరుగుతుందంతే. ఈ 50 సెకన్ల మీద ఒక పేజీ రాయండి. ఆ పేజీలో ‘అద్భుతం’, ‘హృద్యం’ లాంటి మాటలు ఒక్కటి కూడా రాకుండా చూసుకోండి.

మూడు నిమిషాల ముక్కని విడదీయండి

ఇక పూర్తి నిడివి సినిమాకి రండి. అయితే పూర్తి సినిమా మీద ఒకేసారి పడొద్దు. ఒకసారి ఆపకుండా మొత్తం చూసి, మీకు ఎందుకో గుర్తుండిపోయిన మూడు నిమిషాలు ఎంచుకోండి. పతాక సన్నివేశం అక్కర్లేదు. ఎవరో వంట చేస్తున్నదీ, ఎవరో బస్సు కోసం నిలబడ్డదీ అయితే మరీ మంచిది; ఏమీ జరగని చోటే శిల్పం బయటపడుతుంది.

ఒక కాగితం మీద అడ్డంగా గడులు గీయండి. షాటు నంబరు, ఎన్ని సెకన్లు, కెమెరా ఎంత దూరంలో ఉంది (క్లోజప్పా, మిడ్ షాటా, లాంగ్ షాటా), ఎంత ఎత్తులో ఉంది, కదిలిందా, ఫ్రేములో ముందూ వెనకా ఏమున్నాయి, వెలుగు ఎటునుంచి వస్తోంది, ఏం వినిపిస్తోంది, తర్వాతి షాటుకి వెళ్ళడానికి కారణంగా ఏముంది (చూపా, కదలికా, మాటా, చప్పుడా). చివర్లో ‘అర్థం’ అని ఒక గడి. ఆ గడిని మిగతావన్నీ నిండేదాకా ఖాళీగా వదిలేయండి. ఇది కష్టమే, చెయ్యి ఊరుకోదు. ‘ఆమె ఒంటరితనం’ అని మొదటి గడిలోనే రాసేయాలనిపిస్తుంది. దానికి బదులు ‘బల్లకి ఒక చివర కూర్చుంది, మిగతా మూడు కుర్చీలూ ఫ్రేములోనే ఉన్నాయి, వాటి మీద వెలుగు ఎక్కువ పడుతోంది’ అని రాయండి. ఒంటరితనం అనే మాట తర్వాత మీకే వస్తుంది, వచ్చేటప్పుడు సాక్ష్యాన్ని వెంటబెట్టుకుని వస్తుంది.

సాఫ్ట్‌వేర్లున్నాయి, కట్‌లని వాటంతటవే లెక్కపెడతాయి. మొదటి కొన్నిసార్లు మాత్రం చేత్తోనే చేయండి. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసేటప్పుడు దొరికేవి లెక్కలో దొరకవు.

లెక్కలూ పనికొస్తాయి, వాటి హద్దు తెలిస్తే. ముక్క మొత్తం నిడివిని షాట్ల సంఖ్యతో భాగిస్తే సగటు షాట్ నిడివి వస్తుంది. 1930 నుంచి 1960 దాకా హాలీవుడ్ సినిమాల్లో ఇది ఎక్కువగా 8 నుంచి 11 సెకన్ల మధ్య ఉండేదని అమెరికన్ సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ చూపించాడు. మీ ముక్కలో 25 సెకన్లు వచ్చిందనుకోండి, అదొక ప్రశ్న అవుతుంది. ‘25 సెకన్లు కాబట్టి ఇది వాస్తవిక సినిమా’ అంటే మాత్రం తప్పు. పొడుగు షాట్‌తో కలనీ తీయొచ్చు, దెయ్యాన్నీ చూపించొచ్చు.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని రెండు ఇబ్బందులున్నాయి. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాని పాత యూరోపియన్ వీడియో పద్ధతిలో 25 ఫ్రేములకి మార్చినప్పుడు మొత్తం నిడివి సుమారు 4 శాతం తగ్గిపోతుంది. మీ లెక్కా, వేరే కాపీ చూసిన మీ స్నేహితురాలి లెక్కా కలవకపోవడానికి అది కారణం కావచ్చు. రెండోది ఇంతకన్నా చెడ్డది. పాత సినిమాల ఫ్రేము దాదాపు చతురస్రంగా, 4:3కి దగ్గరగా ఉండేది. ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్ళు ఇప్పటి వెడల్పు తెరకి నిండుగా ఉండాలని పైనా కిందా కోసేస్తుంటారు. ఫ్రేములో మనుషుల్ని ఎలా నిలబెట్టారన్న దాని మీద మీరు నాలుగు పేజీలు రాస్తారు, ఆ ఫ్రేము దర్శకుడు పెట్టింది కానే కాదు. అందుకని నోట్సులో మొదటి వరసగా ఏ కాపీ చూశారో, దాని నిడివి ఎంతో, ఫ్రేము నిష్పత్తి ఎంతో రాయండి.

శబ్దానికి విడిగా ఒక పూట కేటాయించండి. తెర ఆర్పేసి ఆ మూడు నిమిషాలూ వినండి. తర్వాత శబ్దం తీసేసి చూడండి. విద్యార్థుల వ్యాసాల్లో అందరికన్నా అన్యాయం జరిగేది శబ్దానికే. యుద్ధానంతర ఇటలీలో వచ్చిన నియోరియలిస్టు సినిమాలు వీధుల్లో, నటులు కానివాళ్ళతో తీశారని అందరూ రాస్తారు. ఆ సినిమాల్లో మాటలు చాలావరకు తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చేసినవే. కళ్ళకి వీధి, చెవులకి స్టూడియో. ఈ ఒక్క సంగతి పట్టుకుని మంచి వ్యాసం రాయొచ్చు.

ఏ వాస్తవికత? ప్రతిసారీ పక్కన రాసుకోండి

వాస్తవికత అనే ఒక్క మాట కింద చదువుల్లో కనీసం అయిదు వేర్వేరు సంగతులు తిరుగుతుంటాయి. గొడవలు చాలావరకు ఇవి కలిసిపోవడం వల్లనే.

మొదటిది యంత్రానికి సంబంధించింది. కెమెరా ముందు ఉన్న వస్తువు నుంచి వచ్చిన వెలుగే ఫిల్ము మీద గుర్తు వేసింది, మధ్యలో చిత్రకారుడి చెయ్యి లేదు. ఫ్రెంచి సినిమా విమర్శకుడు ఆంద్రే బజాన్ 1945లో ఫోటో గురించి రాసిన వ్యాసానికి మూలం ఇదే; పీటర్ వోలెన్ 1969లో దీన్ని అమెరికన్ తత్వవేత్త పియర్స్ సంకేతశాస్త్రంతో (గుర్తులు అర్థాన్ని ఎలా ఇస్తాయో చెప్పే శాస్త్రంతో) ముడిపెట్టాడు. డిజిటల్ వచ్చాక ఈ అర్థం ఎంతవరకు నిలుస్తుందన్నది ఇంకా తెగని వాదం. రెండోది వస్తువుకి సంబంధించింది: పేదవాళ్ళ గురించి, పని గురించి, మామూలు రోజుల గురించి తీస్తే వాస్తవిక సినిమా అంటాం. మూడోది శైలి: నిజమైన లొకేషన్లు, పొడుగు షాట్లు, నటనలో తడబాట్లు. నాలుగోది కథలో నమ్మదగినతనం: ఆ పాత్ర అలా చేస్తుందా, ఆ వెలుగు ఆ కిటికీ నుంచే వస్తోందా. అయిదోది ప్రేక్షకుడి మీద పడే ప్రభావం. కథకి ఏ ఉపయోగమూ లేని చిన్న వివరం, కేవలం ‘నేను నిజం’ అని చెప్పడానికే అక్కడ ఉంటుందని ఫ్రెంచి విమర్శకుడు రొలా బార్త్ 1968లో సాహిత్యం గురించి చెప్పాడు; సినిమాకీ అది బాగా అతుకుతుంది, ఎందుకంటే ఫ్రేములోకి అలాంటి వివరాలు అడక్కుండానే వచ్చేస్తాయి.

వీటన్నిటి మీదా నీడలా భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1921లో రాసిన చిన్న వ్యాసం ఉంటుంది. ప్రతి కొత్త కళా ఉద్యమమూ పాతదానికన్నా తానే వాస్తవానికి దగ్గరని చెప్పుకుంటుందనీ, అందుకని ఈ మాటని ఎవరు ఎప్పుడు అంటున్నారో చూడాలనీ అతని వాదన. సినిమా గురించి కాకపోయినా సినిమా విద్యార్థి తప్పక చదవాలి. కొద్ది పేజీలే.

ఇప్పుడు మీ నోట్సులో ‘వాస్తవికం’ అని రాసిన చోటల్లా పక్కన అంకె వేయండి: 1, 2, 3, 4, 5. ఒకే సినిమాలో ఇవి ఒకదాన్నొకటి కాదనడం కనిపిస్తుంది, అక్కడ ఆగండి. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన ‘అపరాజితో’లో కాశీ ఇంటి లోపలి ముంగిలి స్టూడియోలో వేసిన సెట్టు. ఆకాశం నుంచి దిగే మెత్తని పగటి వెలుగు అక్కడ రావాలని ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లబట్ట పరిచి, దీపాల వెలుగుని దాని మీదికి కొట్టి కిందికి రాలేలా చేశాడు. నాలుగో అర్థంలో, అయిదో అర్థంలో అంతకన్నా నిజమైన వెలుగు లేదు. మొదటి అర్థంలో అక్కడ పగలే లేదు. ఇలాంటి చోటు దొరికితే మీకు వ్యాసం దొరికినట్టే.

చదవాల్సిన వరస

కాలక్రమంలో చదవడం మంచిది, ఎందుకంటే వీళ్ళు ఒకరితో ఒకరు తగువుపడుతూ రాశారు. ఏ వ్యాసం తీసుకున్నా మార్జిన్‌లో మూడు సంగతులు రాయండి: ఇతను ఎవరితో వాదిస్తున్నాడు, ఏ సినిమాలు చూసి ఈ మాట అంటున్నాడు, ఏ సినిమా చూపిస్తే ఇతనికి జవాబు దొరక్కుండా పోతుంది. మూడోది రాయలేకపోతే వ్యాసం ఇంకా అర్థం కాలేదని లెక్క.

రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్‌తో మొదలుపెట్టండి. 1932లో రాసిన పుస్తకంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది: తెర చదును, ఫ్రేముకి అంచులున్నాయి, రంగు లేదు, కాలం ముక్కలవుతుంది, వాస్తవంతో సరిపోలని ఈ లోపాలే సినిమాని కళ చేస్తున్నాయి. తర్వాత సోవియట్ దర్శకులు. కులెషోవ్ ప్రయోగం గురించి అందరూ చెబుతారు: ఒకే ముఖం పక్కన వేర్వేరు షాట్లు పెడితే ఆ ముఖంలో వేర్వేరు భావాలు కనిపించాయని. అక్కడితో ఆగకుండా ఐసెన్‌స్టీన్‌ని చదివి, 1925 నాటి ‘బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్’లో ఒడెస్సా మెట్ల సన్నివేశాన్ని మీ గడుల కాగితం మీద పెట్టండి. రెండు షాట్లు ఢీకొంటే మూడో భావం పుడుతుందని ఆయన అన్నది ఎక్కడ పనిచేస్తోందో, ఎక్కడ ఊరికే వేగంగా కోశాడో మీకే తెలుస్తుంది.

ఇక బజాన్. ఎక్కువ కాలం ఈయన దగ్గరే గడపండి, ఎందుకంటే ఎక్కువగా తప్పు చదివేది ఈయన్నే. సారాంశాలు చెప్పేది ఇది: ఐసెన్‌స్టీన్‌కి కట్‌లు ఇష్టం, బజాన్‌కి పొడుగు షాట్లూ డీప్ ఫోకస్సూ (దగ్గరివీ దూరానివీ ఒకేసారి స్పష్టంగా కనిపించే ఫ్రేము) ఇష్టం, ఒకాయన శిల్పవాది, ఇంకొకాయన వాస్తవికవాది. పరీక్షలో పాసవడానికి ఇది చాలు. చదువుకి చాలదు.

బజాన్ ఏమన్నాడో చూడండి. ఒక సంఘటన సారమంతా రెండు విషయాలు ఒకే చోట, ఒకే సమయంలో ఉండటంలోనే ఉంటే, అప్పుడు వాటిని విడదీసి చూపకూడదన్నాడు. ఆ ‘ఉంటే’ని సారాంశాలు మింగేస్తాయి. మనిషీ, మృగమూ ఒకే ఫ్రేములో ఉన్నారా లేదా అన్నది ఆయన ప్రశ్న. ఎడిటింగ్ మీద ఆయనకి పగ లేదు. 1952 నాటి ‘ఉంబెర్తో డి’లో పనిపిల్ల పొద్దున్నే లేచి వంటింట్లో తిరిగే సన్నివేశాన్ని ఆయన ఎంతగానో మెచ్చుకున్నాడు. ఆమె పొయ్యి వెలిగిస్తుంది, కాఫీ గింజలు మర పడుతుంది, కూర్చున్న చోటునుంచే కాలు చాపి తలుపు మూస్తుంది. ఆ సన్నివేశం తెచ్చుకుని కట్‌లు లెక్కపెట్టండి. ఒకే షాట్ కాదు. మరి బజాన్‌కి అందులో నచ్చింది ఏమిటి? కథకి అక్కర్లేని క్షణాలకి కూడా కథలో ముఖ్యమైన క్షణాలతో సమానమైన సమయం ఇవ్వడం. అంటే ఆయన వాస్తవికతకి కొలబద్ద షాటు పొడవు కాదు, సంఘటనకి దక్కిన వ్యవధి.

కళలో వాస్తవికత కృత్రిమత ద్వారానే సాధ్యమని కూడా ఆయనే ఇటాలియన్ సినిమా మీద రాసిన వ్యాసంలో చెప్పాడు. ఆ వాక్యం మీ ప్రతిలో వెతికి గీత గీయండి. ఆయనని అమాయకుడిగా చూపిస్తూ ఇతరులు ఆయన మీద రాసిన పుస్తకాలు చదివేటప్పుడు పనికొస్తుంది.

అలాగని ఆయన చెప్పిందల్లా ఒప్పుకోనక్కర్లేదు. ఆయనని ఇరుకున పెట్టే ఉదాహరణలు రెండున్నాయి. ఒక ఇన్యూట్ కుటుంబం మీద వచ్చిన 1922 నాటి డాక్యుమెంటరీ ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ని ఆయన గౌరవించాడు. అందులో మంచు ఇంటి లోపలి దృశ్యాలకి వెలుగు చాలక, దర్శకుడు ఫ్లాహర్టీ ఒక వైపు తెరిచి ఉన్న పెద్ద ఇగ్లూ కట్టించాడు. ఆ కుటుంబం చలిలో, ఆ సగం ఇంట్లో పడుకుని నిద్రలేచినట్టు నటించింది. రెండోది 1941 నాటి ‘సిటిజన్ కేన్’లో కేన్ భార్య సుసాన్ విషం తాగిన షాట్. ముందు పెద్దగా గ్లాసు, మధ్యలో మంచం మీద ఆమె, దూరాన తలుపు, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. లోతంతా ఒకేసారి పట్టిన ఫ్రేముకి బజాన్ ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణల్లో ఇదొకటి. నిజానికి ఆ షాట్ ఒకేసారి తీసింది కాదు. ముందు భాగాన్ని ఒకసారి తీసి, ఫిల్ముని కెమెరాలోనే వెనక్కి తిప్పి, వెనక భాగాన్ని మళ్ళీ అదే ఫిల్ము మీద తీశారు.

ఇది తెలిశాక బజాన్ ఓడిపోయాడా? మొదటి అర్థంలో ఓడిపోయాడనే చెప్పాలి. ఆ గ్లాసూ ఆ తలుపూ ఒకే క్షణంలో కెమెరా ముందు లేవు. కానీ ప్రేక్షకుడు ఏది చూడాలో తానే వెతుక్కోవాలన్న ఆయన వాదన అలాగే నిలబడుతుంది, ఎందుకంటే తెరమీద అన్నీ ఒకేసారి ఉన్నాయి. నేనైతే రెండో సగమే విలువైనదంటాను. మీరు ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి.

బజాన్ తర్వాత సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1960 పుస్తకంలో లూమియేర్‌నీ, మాయల సినిమాలు తీసిన మెలియెస్‌నీ రెండు ధోరణులకి మూలపురుషులుగా నిలబెట్టిన తొలి అధ్యాయాలు చదివితే చాలు, మొదటి విడతకి. మొత్తం పుస్తకం పొడుగు, ఓపిక ఉన్నప్పుడు.

1970ల వ్యాసాల దగ్గర భయపడకండి

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఫ్రెంచి ఆలోచనాపరులు అల్తుస్సర్ (మార్క్సిజం), లకాఁ (మనోవిశ్లేషణ) పరిభాష తెలిసినవాళ్ళ కోసం రాసిన వ్యాసాలివి, కొన్ని అవసరానికి మించి ముడిపడి ఉంటాయి. చదివేటప్పుడు వాదన ఒక్కటీ పట్టుకుని పరిభాషని రెండో విడతకి వదిలేయండి. జాన్ లూయీ బోద్రీ 1970లో అడిగింది: కెమెరా, ప్రొజెక్టరు, చీకటి హాలు అనే ఏర్పాటే ప్రేక్షకుణ్ణి అన్నీ తెలిసినవాడినన్న భ్రమలో కూర్చోబెడుతుందా? కోలిన్ మెకేబ్ 1974లో అన్నది: పాత్రలు తలో మాట చెబుతాయి, కెమెరా మాత్రం నిజం చెబుతున్నట్టు పైన నిలబడుతుంది, అందుకే ‘వాస్తవిక’ సినిమా ప్రశ్నలని మూసేస్తుంది. లారా మల్వీ 1975 వ్యాసం చిన్నది, పదునైనది. ఎవరు చూస్తారు, ఎవరు చూడబడతారు అన్న ప్రశ్న షాట్ల వరసలో ఎలా కూర్చుంటుందో చెబుతుంది. దీన్ని మాత్రం దాటేయొద్దు.

వీటికి విరుగుడుగా బోర్డ్‌వెల్, జానెట్ స్టైగర్, క్రిస్టిన్ థాంప్సన్ 1985లో కలిసి రాసిన హాలీవుడ్ పుస్తకం ఉంది. ఒక వివరం తెరమీద ఎందుకుందో అడిగితే నాలుగు కారణాల్లో ఏదో ఒకటి దొరుకుతుందంటారు: కథకి కావాలి, లోకంలో అలాగే ఉంటుంది, ఆ రకం సినిమాల్లో అలాగే చేస్తారు, లేదా కళాకౌశలం చూపించుకోవడానికి. మీ కాగితంలోని ‘అర్థం’ గడికి పక్కన ఈ నాలుగూ రాసుకోండి, చాలా తగువులు తీరతాయి.

చదివినవాళ్ళందరినీ ఒకే మూడు నిమిషాల ముక్క మీదికి దించండి. ఆర్న్‌హైమ్ ఇందులో ఏం చూస్తాడు, బజాన్ ఏం చూస్తాడు, మల్వీ ఏం చూస్తుంది, ఒక్కొక్కరికి అయిదు వాక్యాలు. ఎవరికి చెప్పడానికి ఏమీ లేకపోయిందో గమనించండి.

సెమినార్‌లో

ఒక్క షాట్ తీసుకెళ్ళండి. ఫోన్లో ఆ ఫ్రేము సిద్ధంగా పెట్టుకోండి. ‘నాకనిపించింది’ అని మొదలుపెట్టకుండా ‘ఇక్కడ చూడండి’ అని మొదలుపెట్టండి. మీతో ఏకీభవించనివాళ్ళు కూడా ఫ్రేము వైపు చూస్తారు, చర్చ దాని మీద నడుస్తుంది. అన్నీ చదివినవాళ్ళు పేర్లు విసురుతుంటే బెదరొద్దు. ‘ఆ మాట ఈ షాట్‌లో ఎక్కడ కనిపిస్తోంది?’ అని అడగండి, మర్యాదగానే.

వ్యాసం రాయడం

ప్రశ్న మీరే ఎంచుకునే వీలుంటే చిన్నది ఎంచుకోండి. ‘నియోరియలిజంలో వాస్తవికత’ అన్నది పుస్తకానికి సరిపోయే విషయం, 3,000 పదాల వ్యాసానికి కాదు. ‘1948 నాటి బైసికిల్ థీవ్స్‌లో తండ్రీకొడుకులు నడిచే షాట్లలో కెమెరా ఎవరి వేగంతో కదులుతుంది?’ అన్నది వ్యాసం.

మీ వాదనని ఒక్క వాక్యంలో రాసి, దాన్ని ఎవరైనా కాదనగలరా అని చూడండి. ‘ఈ సినిమా సమాజాన్ని వాస్తవికంగా చిత్రించింది’ని ఎవరూ కాదనరు, అందుకే అది వాదన కాదు. ‘ఈ సినిమా పేదరికాన్ని లొకేషన్‌తో నమ్మిస్తుంది, కానీ తండ్రి పట్ల మన జాలిని మాత్రం పాత స్టూడియో పద్ధతి క్లోజప్పులతోనే రాబడుతుంది’ అంటే కాదనడానికి చోటుంది. అలా కాదనేవాళ్ళు ఏ షాట్ చూపిస్తారో ఊహించి, దాన్ని మీరే ముందు ఎత్తుకోండి.

కథ చెప్పడానికి మొత్తం మీద ఒక్క పేరా ఇవ్వండి, అదీ సన్నివేశం అర్థం కావడానికి కావలసినంతే. మిగతా ప్రతి పేరాలోనూ వివరణ ఒక షాట్ నుంచో ఒక కట్ నుంచో బయల్దేరాలి. సన్నివేశం ఎక్కడ ఉందో గంటలు, నిమిషాలు, సెకన్లలో రాయండి. సిద్ధాంతకారుణ్ణి తీసుకొచ్చేది మీ మాటకి బలం ఇవ్వడానికి మాత్రమే అయితే అనుమానించండి. ఆయన మాటని మీ షాట్ కాస్త మార్చగలిగితేనే వ్యాసంలో ఆయనకి పని ఉన్నట్టు. ‘బజాన్ చెప్పినట్టు’ అనే వాక్యం కన్నా ‘బజాన్ ఇక్కడ ఇలా అనేవాడు, కానీ ఈ కట్ వల్ల’ అనే వాక్యం విలువైనది.

రాయడం అయ్యాక రెండు వెతుకులాటలు చేయండి. మొదటిది, ‘సహజం’, ‘నిజ జీవితం’, ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాటలు ఎక్కడున్నాయో కంప్యూటర్‌లో వెతికి, ప్రతి ఒక్కటీ ఆ అయిదు అర్థాల్లో ఏదో తేల్చండి, తేలకపోతే కొట్టేయండి. రెండోది, సినిమా మళ్ళీ పెట్టుకుని మీరు వర్ణించిన ప్రతి షాట్‌నీ వ్యాసంతో పోల్చండి. జ్ఞాపకం షాట్లని కలిపేస్తుంది, లేని కెమెరా కదలికని చేరుస్తుంది, ఎడమని కుడి చేస్తుంది. తప్పు దొరికితే వర్ణన ఒక్కటే దిద్ది ఊరుకోకండి, దాని మీద నిలబెట్టిన వాదనని కూడా మళ్ళీ చూడండి. గడువుకి కనీసం రెండు రోజుల ముందు ఈ పని పెట్టుకుంటేనే ఆ వాదన మార్చుకునే వీలుంటుంది.